గుటక

ఎవరైనా సాక్ష్యం చెప్పండన్నారు అయ్యగారు.
రిబ్కమ్మ లేచి
కొడుక్కి రైల్వేలో పనయిందని చెప్పింది.
జీడితోట తగువు తీరిందని వెనక బెంచీ పెద్దాయన.
అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

నా దగ్గర చెప్పుకోదగ్గదేటుంది?
తెల్లారగట్ట నిద్రమత్తులో తూలుతూ
దొడ్లోకి వెళ్ళొచ్చాను.
అంతే.
లేచి నిలబడి చెప్పే మాటా అది?

కానీ ప్రభువా,
అదే పనికి మా ఏలీయాకి
వారానికి మూడుసార్లు సోంపేట బస్సు,
నాలుగు గంటల మంచం,
దబ్బనాల్లాంటి సూదులు రెండు,
బీరువా అంత మిషను.
ఆయన రక్తం గొట్టాల్లోంచి బయటికొచ్చి
చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళి
మళ్ళీ ఒంట్లోకి వస్తుంది.

నా నడుములోనూ ఉన్నాయట రెండు,
చిక్కుడుగింజల్లా. నర్సమ్మ చీటీ వెనక గీసి చూపించింది.
కరెంటు లేదు, సెలవు లేదు.
నేను పలాసలో జీడిపిక్కలు కొడుతున్నప్పుడూ
మా అత్తతో గొడవ పడుతున్నప్పుడూ
ఉపవాస కూడికలో కునుకు తీస్తున్నప్పుడూ
వడపోస్తూనే ఉన్నాయి.
నలభైమూడేళ్ళు.
తిత్లీ గాలికి రేకులు ఎగరకపోతే నీకు స్తోత్రం చెప్పాను,
కోడి పిల్లలు చేస్తే చెప్పాను,
వీటికి ఒక్కనాడూ చెప్పలేదు.

ఇద్దరం ఒకే బోరు నీళ్ళు తాగాం.
ఆయనవి ఎందుకు ఎండాయి, నావెందుకు ఎండలేదని
అడుగుతున్నాను.
జవాబు రాలేదు.
అడగడం మానలేదు.

ఇంకోటి.
రేషన్ డిపోలో నా బొటనవేలు మిషనుకి ఆనదు.
పిక్కల చమురు గీతలన్నీ తినేసింది.
"నువ్వు నువ్వేనని రుజువేటి పిన్నీ?" అంటాడు డీలరు, నవ్వుతూనే.
పోయిన వేసవిలో బట్టీ మూతపడి ఇరవై రోజులు పని లేదు.
కూలి లేని ఆ ఇరవై రోజుల్లో
ఎవరూ అడక్కుండానే
వేలి మీద గీతలు మళ్ళీ మొలిచాయి,
అదే సుడి, అదే వంపు.
ఎక్కడ దాచి ఉంచావయ్యా ఆ నకలు?
నేను బియ్యం తూకం చూస్తూ నిలబడ్డాను గానీ
వేలు చూసుకోలేదు.

రాత్రి ఏలీయా ఎడమచెయ్యి నా చెవికి ఆనించుకుంటాను.
రెండు నరాలు కలిపి కుట్టిన చోట
గుర్రుమంటుంది, పిల్లి పడుకున్నట్టు.
ఆ గుర్రు ఉంటేనే రేపు మిషను ఎక్కడం.
"ఉందా?"
"ఉంది."
ఈమధ్య మా కుటుంబ ప్రార్థన ఇంతే.

రోజుకి అరలీటరు నీళ్ళు.
సీసా మీద పెన్నుతో గీతలు ఆయనే గీసుకున్నాడు.
మే నెలలో ఉద్దానం ఇసక పేలాలు వేపుతుంది.
ఇంటి నెత్తిన వందల బొండాలు,
ఒక్కటీ ఆయనకి పనికిరాదు.
అంచేత నేను దొంగతనంగా తాగడం నేర్చుకున్నాను.
వంటింట్లో గోడవైపు తిరిగి,
చెంబు మోగకుండా,
గొంతు చప్పుడు కాకుండా,
పాపం చేస్తున్నట్టు.

నిన్న పట్టుబడ్డాను.
మంచం మీంచే అన్నాడు:
"ఎందుకే ఆ దాపరికం?
ఇలాగొచ్చి కూకో. నా ముందరే తాగు.
గుటకలు నాకు ఇనపడాల.
నీకు దిగితే నాకూ సల్లగుంటాది."

మంచం అంచున కూర్చుని చెంబెత్తాను.
సగం నీళ్ళు మెడ మీదే పోయాయి, ఏడుపుకి.
మిగతా సగం దిగాయి
నాలుక మీంచి, కొండనాలుక దాటి,
ఊపిరి దారి తప్పించి, తన దారిన తాను.
ఎవరు నేర్పారు ఆ గొంతుకి మలుపు?
ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు,
వాక్యం విన్నట్టు.

నీకు తెలుసు ప్రభువా ఎండిన నాలుక.
ఆ మధ్యాహ్నం కొండ మీద
నీకెవరూ మంచినీళ్ళివ్వలేదు.

"ఇంకెవరైనా?" అన్నారు అయ్యగారు.
లేచాను. కొంగు సర్దుకున్నాను.
అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.
"నేను నీళ్ళు తాగాను, మా ఆయన విన్నాడు" అన్నాను.
కూర్చున్నాను.

ఎవరికీ అర్థం కాలేదు.
అయినా స్తోత్రం అన్నారు, అలవాటు కొద్దీ.
మగవాళ్ళ వైపు, కిటికీ పక్కన,
ఏలీయా సీసా ఎత్తి
ఎండకి పట్టి చూసుకున్నాడు.
ఇంకా మొదటి గీత దాటలేదు.